దోమల గుర్తింపు కీ ప్రకారం అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ అని తేలింది, కానీ అందులో ఏ రకం? అనంతపురం నుంచి, సలహా కావాలి

శింగనమల_జువాలజీ (అనంతపురం):

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ఎమ్మెస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టుకు మలేరియా దోమలు తీసుకున్నా. శింగనమల చెరువు కింద పల్లెల్లో, హెచ్చెల్సీ కాలువ పక్క ఊళ్ళలో తెల్లవారుజామున పోయి ఇళ్ళలో, పశువుల కొట్టాల్లో టార్చి వేసి సక్షన్ ట్యూబుతో దోమలు పడుతున్నాం. కాలేజీలో డిసెక్టింగ్ మైక్రోస్కోపు ఉంది, గుర్తింపు కీ (ఒంటి మీద గుర్తులు మెట్టుమెట్టుగా చూస్తూ దోమ పేరు తేల్చుకునే పట్టిక) ఉంది. దాన్ని పట్టుకుని చూస్తే కొట్టాల్లో దొరికినవాటిలో ఎక్కువ భాగం అనాఫిలిస్ సబ్‌పిక్టస్, కొన్ని అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ అని వస్తున్నాయి. ఇక్కడిదాకా బాగానే ఉంది.

మా గైడ్ సార్ ఇప్పుడేమంటున్నారంటే, క్యులిసిఫేసిస్ అని రాస్తే సరిపోదు, అది ఒకటి కాదు అయిదు, అందులో ఏదో చెప్పకపోతే నీ ప్రాజెక్టుకు విలువ లేదు అని. ఆ అయిదూ మైక్రోస్కోపులో ఒకేలా ఉంటాయంట. డీఎన్ఏ చెయ్యాలంట. మా కాలేజీలో పీసీఆర్ మిషన్ (కావలసిన డీఎన్ఏ ముక్కకు లక్షల కాపీలు తీసేది) లేదు. బయట చేయించడానికి డబ్బు కూడా పెద్దగా లేదు, అందుకే ఏ దోమను పంపాలి, ఎలా దాచి పంపాలి, అసలు కంటితో చూసింది ఎంతవరకు నమ్మొచ్చు అనేది ముందే తెలుసుకోవాలనుకుంటున్నా. కొన్నిటికి కాళ్ళు ఊడిపోయాయి, కొన్నిటి రెక్కల మీద పొలుసులు రాలిపోయాయి, వాటిని పారెయ్యాలా?

ఇంకోటి. మా హాస్టల్ మీది ట్యాంకులో, పక్కనే ఉన్న సిమెంటు తొట్టిలో లార్వాలు దొరికాయి, ఇంట్లో గ్లాసులో పెంచితే దోమలయ్యాయి. కాళ్ళంతా చుక్కలు చుక్కలుగా ఉంది. అనాఫిలిస్ స్టెఫెన్సై అనుకుంటున్నా, కానీ గట్టిగా చెప్పే ధైర్యం లేదు. ఫీల్డులో పనిచేసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, వైవా తేదీ దగ్గరపడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది.


పాత_ఇన్సెక్ట్_కలెక్టర్ (కర్నూలు):

అమ్మా, మలేరియా విభాగంలో ఇన్సెక్ట్ కలెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. టెన్షన్ పెట్టుకోవద్దు, నువ్వు అడిగిన ప్రశ్నలు సరైన ప్రశ్నలే. డీఎన్ఏ సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు, నేను కంటితో చూసే సంగతి చెప్తా, ఎందుకంటే అది సరిగ్గా లేకపోతే ఆ తర్వాత ఎంత ఖర్చుపెట్టినా ఉపయోగం లేదు.

మొదట హాస్టల్ తొట్టిలో దోమ. దాన్ని ఒక పక్కకు పడుకోబెట్టి తల మీదే లెన్సు నిలుపు. ఆడదే కదా? మీసాలు గుబురుగా ఉంటే మగది, పల్చగా ఉంటే ఆడది. తొండానికి రెండు పక్కలా తొండమంత పొడుగు పాల్పులు ఉంటాయి, అనాఫిలిస్ ఆడదానికి అదే మొదటి గుర్తు, క్యూలెక్స్ ఆడదానికీ ఈడిస్ ఆడదానికీ పాల్పులు పొట్టి. ఇప్పుడు ఆ పాల్పు మీద తెల్లపట్టీలు చూడు. స్టెఫెన్సైకి కొస దగ్గర వెడల్పాటి తెల్లపట్టీలు రెండు, వాటికి వెనక సన్నది ఒకటి, ఆ మధ్య నల్లభాగం మీద కూడా తెల్లపొలుసులు చల్లినట్టు ఉంటాయి. కాళ్ళ మీద కూడా చుక్కలే. సబ్‌పిక్టస్ పాల్పుకూ మూడు పట్టీలుంటాయి గానీ కాళ్ళ మీద చుక్కలుండవు, కీళ్ళ దగ్గర సన్నని పట్టీలే. చుక్కల కాళ్ళు మాక్యులేటస్‌కీ ఉంటాయి, అయితే దానికి వెనక కాలి చివరి గనుపు మొత్తం తెల్లగా ఉంటుంది. నీదానికి చివరి గనుపు తెల్లగా లేకుండా, పాల్పు మీద కూడా చుక్కలుంటే స్టెఫెన్సై అని ధైర్యంగా రాసుకో. ట్యాంకులో, తొట్టిలో దొరికిందంటే చోటు కూడా సరిపోతుంది, టౌను మలేరియాకు మన దేశంలో అసలు దోమ అదే, మూతలేని ట్యాంకులూ సంపులూ బావులూ దాని ఇళ్ళు.

ఇక క్యులిసిఫేసిస్. చిన్న దోమ, బక్కగా ఉంటుంది, కాళ్ళ మీద చుక్కలూ ఉండవు పట్టీలూ ఉండవు, అంతా నలుపే. దీంతో కలిసిపోయేది ఫ్లూవియాటిలిస్. రెక్క ముందు అంచు మొదటి పావు వంతు రెండిటికీ నల్లగానే ఉంటుంది, అందుకని అక్కడ చూసి లాభం లేదు. రెక్క మధ్యలో మూడో ఈనె చూడాలి. ఆ ఈనె మీద పొలుసులు దాదాపు అంతా నల్లగా ఉంటే క్యులిసిఫేసిస్, ఎక్కువ భాగం తెల్లగా ఉంటే ఫ్లూవియాటిలిస్. వెలుతురు పక్కనుంచి పడాలి, కింద తెల్లకాగితం పెడితే తెల్లపొలుసు కనబడదు, బూడిదరంగు అట్ట పెట్టి చూడు. రెండో రెక్క కూడా చూడకుండా ఏదీ రాయవద్దు.

పొలుసులు రాలినవి, కాళ్ళు ఊడినవి పారేయొద్దు. కీలో ప్రతి మెట్టూ పొలుసు మీదే కాబట్టి అవి కంటికి పనికిరావు, అంతే. అట్లాంటివాటి పని డీఎన్ఏ చేస్తుంది. కానీ ఇకమీదట దోమను పట్టినాక ట్యూబులో ఎక్కువసేపు ఎగరనీయకు, ఒక ట్యూబులో కుక్కకు, ఇంటికొచ్చి ఫ్రీజరులో పెట్టి చంపు. పొలుసులు రాలేది ట్యూబు గోడలకు కొట్టుకున్నప్పుడే.


ఆదోని_మధ్యతరగతి (ఆదోని):

ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. దోమ ఏదైతే ఏం? మా వార్డులో కలరా వచ్చినా డెంగ్యూ వచ్చినా ఒకటే పొగ కొట్టి పోతారు. అది అయిదు రకాల్లో ఏదో తెలుసుకుంటే మా పిల్లలకు జ్వరం తగ్గుతుందా? ఈ డబ్బు దోమతెరలకు పెడితే మేలు కదా.


పాత_ఇన్సెక్ట్_కలెక్టర్ (కర్నూలు):

అన్నా, తప్పుగా ఎందుకు అనుకుంటాం, ఇది అందరూ అడగాల్సిన ప్రశ్నే. మీరడిగిన పొగనే తీసుకోండి. డెంగ్యూ దోమ ఈడిస్ పగలు కుడుతుంది, ఇంట్లో మంచం కింద, వేలాడే బట్టల వెనక దాక్కుంటుంది, వీధిలో సాయంత్రం కొట్టిన పొగ దాన్ని చేరేది తక్కువ. దానికి తొట్టి కడగాలి, గోడకు అంటిన గుడ్లు పీచుతో రుద్దాలి, ఎందుకంటే ఆ గుడ్లు నీళ్ళు లేకుండా నెలల తరబడి ఎండి పడివుండి మళ్ళీ నీళ్ళు తగిలితే పొదుగుతాయి. నీళ్ళు పారబోస్తే చాలదు. అదే క్యూలెక్స్ అయితే మురుగుకాలువ పని. స్టెఫెన్సై అయితే మీది ట్యాంకుకు మూత పని, బావిలో గంబూజియా చేపల పని. పల్లెలో క్యులిసిఫేసిస్ అయితే పంటకాలువ, చెరువు అంచు, పెన్నలో ఇసుక తవ్విన గుంతల్లో నిలిచిన నీళ్ళు, ఇంకా లోపలి గోడలకు మందు కొట్టడం. ఏ దోమో తెలియకుండా ఏ పని చెయ్యాలో ఎట్లా తెలుస్తుంది?

మన తెలుగునేల మీదే జరిగింది చెప్తా. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు, దానికే 1902లో నోబెల్ వచ్చింది. అంతకుముందు రెండేళ్ళు ఆయన కోస్తూ పోయింది ఎక్కువగా వేరే దోమల్ని. అప్పటికి దోమలకు పేర్లు పెట్టి వేరుచేసే కీ ఆయన చేతిలో లేదు, బూడిదరంగు దోమ, గోధుమరంగు దోమ అని రాసుకునేవాడు. చివరికి రెక్కల మీద మచ్చలున్న దోమలు చేతికందాయి, వాటిలో కనిపించింది. అంటే దోమను వేరుచేయడం చేతకాకపోవడం వల్లనే ఆయనకు అంత కాలం పట్టింది. మలేరియా పని మొదలైందే గుర్తింపు దగ్గర.


పెన్నా_ల్యాబ్ (కడప):

కలెక్టర్ సార్ చెప్పినదానికి అదనంగా నేను డీఎన్ఏ భాగం రాస్తా, కాస్త పొడుగవుతుంది, చెల్లీ ఓపిగ్గా చదువు. నేను కడపలో మాలిక్యులర్ ల్యాబులో పనిచేస్తాను, కీటకాల శాంపిళ్ళు చేస్తుంటాం.

ముందు ఆదోని అన్నకు ఇంకొక కారణం. క్యులిసిఫేసిస్ అనేది అయిదు జాతుల గుంపు, ఎ, బి, సి, డి, ఇ అంటారు. కంటికి అయిదూ ఒకటే. కానీ మలేరియా మోయడంలో ఒకటి కాదు. బి రకం పశువుల్నే కుడుతుంది, మలేరియా మోయడం దానికి చాలా తక్కువ, మిగతా నాలుగూ మోస్తాయి. ఒక ఊళ్ళో గోడల నిండా క్యులిసిఫేసిస్ ఉండి అదంతా బి అయితే ఆ ఊరికి మందు కొట్టినంత మాత్రాన మలేరియా తగ్గదు, పక్క ఊళ్ళో కొద్దిగా ఉన్నది ఎ అయితే అక్కడే జ్వరాలు. ఇది ఊహ కాదు. యూరపులో ఇలాగే జరిగింది, అనాఫిలిస్ మాక్యులిపెన్నిస్ దోమలు ఉన్నా మలేరియా లేని ప్రాంతాలు, అవే దోమలున్నట్టు కనిపించి మలేరియా ఉన్న ప్రాంతాలు, ఎవరికీ అర్థం కాలేదు, 1926లో ఇటలీలో ఫల్లెరోని అనే ఆయన ఆ దోమల గుడ్లు చూసి వాటి మీద చారలు వేరువేరుగా ఉన్నాయని పట్టుకున్నాడు, ఆ గుడ్ల వెంట పోతే తెలిసింది అది ఒక జాతి కాదని. శ్రీలంకలో క్యులిసిఫేసిస్ అంతా బి అనుకునేవాళ్ళు, మరి బి మోయదు కదా, అక్కడ మలేరియా ఎలా అన్నది చిక్కుముడిగా ఉండేది. రామేశ్వరం ద్వీపంలో ఇ రకాన్ని 1999లో వేరుచేసి చూపించాక ఆ ముడి విడింది, శ్రీలంకలో కూడా ఇ ఉందని తేలింది. బి, ఇ లకు ఎక్స్ క్రోమోజోమూ రెండో క్రోమోజోమూ ఒకే తీరుగా ఉంటాయి, తేడా వై క్రోమోజోములో ఉంది, అందుకే అంత కాలం దొరకలేదు.

ఇప్పుడు చెల్లీ నీ పని.

దోమను ఫ్రీజరులో చంపాక పొడిగా ఉంచు. మూతున్న చిన్న ట్యూబులో అడుగున నీలం సిలికాజెల్ పలుకులు, పైన దూది, దాని మీద దోమ. ఒక ట్యూబులో ఒక్కటే దోమ. సిలికాజెల్ గులాబీరంగుకు తిరిగితే మార్చెయ్. 95 శాతం ఆల్కహాలైనా పర్వాలేదు గానీ ఆల్కహాలులో రంగులు మారతాయి, కంటికి చూసే పని ముందే అయిపోవాలి. ఫార్మలిన్ జోలికి మాత్రం వద్దు, కాలేజీల్లో మ్యూజియం అలవాటు కొద్దీ అందులో వేస్తారు, అది డీఎన్ఏను పాడుచేస్తుంది. లేబుల్ పెన్సిలుతో రాసి ట్యూబు లోపల పెట్టు, పెన్ను ఇంకు ఆల్కహాలు తగిలితే కరిగిపోతుంది. ఊరు, తేదీ, ఇల్లా కొట్టమా, ఎవరు పట్టారు, కంటికి ఏమనిపించింది, అన్నీ.

ల్యాబుకు మొత్తం దోమను ఇవ్వకు. ఒక కాలు చాలు. సన్నని ఫోర్సెప్స్‌తో ఒక వెనక కాలు మొదట్లో పట్టుకుని లాగు, అది విడిగా ట్యూబులో వెయ్, దోమ మిగతా శరీరం అదే నంబరుతో నీ దగ్గర ఉంచుకో. రేపు రిపోర్టు వింతగా వస్తే మళ్ళీ లెన్సు కింద పెట్టి చూసుకోవడానికి దోమ ఉండాలి. దోమే లేకపోతే ఆ డీఎన్ఏ అక్షరాలు దేనివో చూపించలేవు. కాలు తీసుకోవడంలో ఇంకో లాభం ఉంది, రక్తం తాగిన దోమ పొట్టతో చేస్తే ఆవు డీఎన్ఏ కూడా కలిసి వస్తుంది, కాలులో ఆ బెడద లేదు.

డబ్బు తక్కువ ఉంటే ఒకే దోమను మూడు ముక్కలుగా వాడుకోవచ్చు, నేనైతే ఇలాగే చేస్తా. కాలుతో జాతి. తలా రొమ్మూ కలిపి వేరుగా కోసి అందులో మలేరియా క్రిమి ఉందేమో చూడటం, ఎందుకంటే మోసేది అని చెప్పాలంటే క్రిమి లాలాజల గ్రంథుల దాకా రావాలి, అవి రొమ్ములో ఉంటాయి. పొట్టను ఇందులో కలపకూడదు, జ్వరమున్న మనిషి రక్తం అప్పుడే తాగి ఉంటే ఏ దోమ పొట్టలోనైనా క్రిమి దొరుకుతుంది, అంతమాత్రాన అది మోసేదైపోదు. పొట్టలో రక్తం మనిషిదా పశువుదా అని మూడో పరీక్ష.

జాతి పరీక్ష రెండు మెట్లు. మొదట 28ఎస్ డీ3 అనే భాగం మీద పీసీఆర్, అది ఎ, డి లను ఒక వైపు, బి, సి, ఇ లను మరో వైపు విడగొడుతుంది. తర్వాత మైటోకాండ్రియాలోని సీఓ2 జన్యువు మీద రెండో పీసీఆర్, అది ఆ గుంపుల లోపల వేరుచేస్తుంది. జెల్ (డీఎన్ఏ ముక్కల్ని పొడవును బట్టి విడదీసే పొర) మీద ఒక్కోదానికి ఒక్కో చోట గీత పడుతుంది, సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాలు వరుసగా చదివించడం) అవసరం లేదు కాబట్టి ఖర్చు తగ్గుతుంది. ఏ ల్యాబయినా సరే, ప్రతి జెల్‌లో దోమ డీఎన్ఏ వెయ్యని ఒక గడి ఉందా, అందులో ఏ గీతా పడలేదు కదా అని ఫొటో అడిగి తీసుకో. అలాగే జాతి ముందే తెలిసిన దోమ డీఎన్ఏ పక్కన పెట్టి నడిపారా అని కూడా అడుగు. ఇది అడగడానికి మొహమాటపడవద్దు.


టొమాటో_చాట్_మదనపల్లె_రోడ్ (కదిరి):

నాకో చిన్న డౌట్. ఇంత తంటా ఎందుకు, అన్నిటికీ బార్‌కోడ్ చేయించేస్తే పోలా? సీఓ1 జన్యువులో 650 అక్షరాలు చదివి ఆన్‌లైనులో వేస్తే పేరు వచ్చేస్తుందని మా సార్ చెప్పారు. కీ నేర్చుకోవడానికి పట్టే టైము మిగులుతుంది కదా.


పెన్నా_ల్యాబ్ (కడప):

బార్‌కోడ్ మంచి పద్ధతే, 2003 నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు, పొలుసులు రాలిన దోమకూ, లార్వాకూ, ఒక్క కాలు మాత్రమే మిగిలిన శాంపిల్‌కూ దానికి సాటి లేదు. ఆఫ్రికాలో స్టెఫెన్సై కొత్తగా దిగిందని చెప్పడానికి కూడా డీఎన్ఏనే సాక్ష్యమైంది. జిబౌటీలో 2012లో, ఇథియోపియాలో 2016లో. మన ట్యాంకుల్లో పుట్టే దోమ అది, అక్కడి టౌన్లలో ఇప్పుడు మలేరియా పెంచుతోంది, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆపడానికి ప్రత్యేకంగా కార్యక్రమం మొదలుపెట్టింది. అక్కడివాళ్ళకు ఆ దోమ పరిచయం లేదు, వాళ్ళ కీలలో అది లేదు, అప్పుడు సీక్వెన్సు పనికొచ్చింది.

కానీ రెండు చోట్ల ఇది నిన్ను మోసం చేస్తుంది. ఒకటి, ఈ మధ్యే విడిపోయిన జాతుల్ని సీఓ1 వేరుచేయలేదు, ఆఫ్రికాలో గాంబియే, కొలుజ్జీ అనే రెండు దోమలున్నాయి, బార్‌కోడులో రెండూ కలిసిపోతాయి. క్యులిసిఫేసిస్ అన్న గుంపు పేరు బార్‌కోడ్ ఇస్తుంది, ఎ నా బి నా అన్నదానికి పైన చెప్పిన పరీక్షే చెయ్యి. రెండోది ఇంకా ముఖ్యం. ఆన్‌లైను డేటాబేసులో ఉన్న పేరు ఎవరో ఒకరు దోమను చూసి పెట్టిన పేరే. వాళ్ళు కంటితో తప్పు చూస్తే ఆ తప్పు పేరే నీకు 99 శాతం అని వస్తుంది. అందుకే నువ్వు ముందు లెన్సులో చూసి పేరు రాసుకుని, తర్వాత సీక్వెన్సు చూడాలి. రెండూ కలిస్తే సరే, కలవకపోతే ఆ దోమ దగ్గరికే మళ్ళీ పోవాలి. కీ రానివాడికి కలవలేదన్న సంగతే తెలియదు.

నాకు బాధ కలిగిన విషయం ఒకటి చెప్తా. ఒకసారి బయటి ల్యాబు ఒకదానికి శాంపిళ్ళు పంపితే పేర్లు మాత్రం ఒక షీటులో పెట్టి పంపారు. అడగ్గా అడగ్గా ముడి ఫైళ్ళు ఇచ్చారు, తెరిచి చూస్తే సగం వాటిలో ఒకే చోట రెండు రంగుల శిఖరాలు ఒకదాని మీద ఒకటి పడివున్నాయి, అంటే ఒకటికి మించిన డీఎన్ఏ కలిసింది, ఆ అక్షరం ఏదో మిషనుకే తెలియదు. అయినా షీటులో పేరు నిక్షేపంగా ఉంది. ఆ పేర్లు ఎవరి థీసిస్‌లోనో పడితే తర్వాత వచ్చే పిల్లలందరికీ అదే పాఠం. కాబట్టి పేరు కాదు, ముడి ఫైలు అడగాలి, రెండు వైపుల నుంచీ చదివించాలి, ఆ సీక్వెన్సును ప్రోటీనుగా మార్చి మధ్యలో ఆగిపోయే గుర్తు వస్తోందేమో చూడాలి. సీఓ1 నిజమైన జన్యువైతే మధ్యలో ఆగదు.


ప్రొద్దుటూరు_అమ్మ (ప్రొద్దుటూరు):

మీ మాటలు సగం అర్థం కాలేదు గానీ చదవడం ఆపలేకపోయా. మా ఇంట్లో చారల కాళ్ళ దోమలున్నాయి, నీళ్ళు రోజూ రావు కాబట్టి డ్రమ్ములు నింపి పెట్టుకోక తప్పదు. చారలుంటే డెంగ్యూ దోమేనా? దీనికి కూడా డీఎన్ఏ కావాలా?


పాత_ఇన్సెక్ట్_కలెక్టర్ (కర్నూలు):

అవసరం లేదమ్మా, దీనికి మీ కళ్ళు చాలు, పిల్లల భూతద్దం ఉంటే ఇంకా మంచిది. చచ్చిన దోమ వీపు చూడండి. నల్లటి వీపు మీద రెండు పక్కలా కొడవళ్ళలాగా వంగిన వెండిగీతలు, మధ్యలో సన్నగా రెండు నిలువు గీతలు ఉంటే ఈడిస్ ఈజిప్టై. వీపు నట్టనడుమ ఒకే ఒక్క తెల్లగీత ఉంటే ఆల్బోపిక్టస్. రెండూ డెంగ్యూ మోస్తాయి, మొదటిది ఇళ్ళలో ఎక్కువ, రెండోది చెట్లూ తోటలూ ఉన్నచోట ఎక్కువ. డ్రమ్ముల నీళ్ళల్లో పురుగులు చూస్తే కూడా తెలుస్తుంది. తలకిందులుగా వేలాడుతూ వెనకాల గొట్టం పైకి పెట్టుకుని ఉంటే ఈడిస్ గానీ క్యూలెక్స్ గానీ, గొట్టం పొట్టిగా ఉంటే ఈడిస్, పొడుగ్గా సన్నగా ఉంటే క్యూలెక్స్. గొట్టమే లేకుండా నీటి మీద అడ్డంగా పడుకుని ఉంటే అనాఫిలిస్. శుక్రవారం డ్రై డే అని మీ వార్డుకొచ్చి చెప్పేది ఇందుకే, గుడ్డు నుంచి దోమ కావడానికి మన ఎండల్లో వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి లోపలి గోడ రుద్ది ఎండబెడితే దాని వంశం అక్కడితో ఆగుతుంది. మిగతా రోజుల్లో గుడ్డ గట్టిగా కట్టండి.


నంద్యాల_ఏఎన్ఎం (నంద్యాల):

మా వైపు కేసీ కెనాల్ కింద వరి ఎక్కువ, 1999లో మెదడువాపు వచ్చినప్పటి సంగతులు పెద్ద సిస్టర్లు ఇప్పటికీ చెప్తారు. ఆ దోమ క్యూలెక్స్ అని ట్రైనింగులో చెప్పారు, మురుగుకాలువలో ఉండేది కూడా క్యూలెక్సే కదా. మరి రెండిటికీ తేడా ఎట్లా? పిల్లల తల్లులు అడిగితే చెప్పలేకపోతున్నా.


పాత_ఇన్సెక్ట్_కలెక్టర్ (కర్నూలు):

సిస్టర్ గారూ, మురుగులోది క్యూలెక్స్ క్విన్‌క్విఫేసియేటస్, అది బోదకాలు దోమ, తొండం మీద పట్టీ ఉండదు, గోధుమరంగు. వరిమడిలోది ట్రైటీనియోరింకస్, చిన్నది, ముదురు రంగు, తొండం నడుమ తెల్లని పట్టీ ఉంటుంది, కాళ్ళ గనుపుల దగ్గరా సన్నపట్టీలుంటాయి. ఇది పందులనూ కొంగలనూ కుట్టి ఆ వైరస్ తెచ్చుకుంటుంది. తల్లులకు ఇంతే చెప్పండి, ఊళ్ళో మురుగు తీసినంత మాత్రాన మెదడువాపు దోమ పోదు, అది మడిలో పుడుతుంది, పిల్లలకు టీకా మానవద్దు, పందుల్ని ఇళ్ళకు దూరంగా ఉంచాలి. అయితే విష్ణుయి, సూడోవిష్ణుయి అని దీనికి దగ్గర బంధువులున్నాయి, పొలుసులు రాలితే వాటిని వేరుచేయడం నాలాంటివాళ్ళకు కూడా కష్టం, అక్కడ ల్యాబే గతి.


శింగనమల_జువాలజీ (అనంతపురం):

సార్, అక్కా, మీ అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే బూడిదరంగు అట్ట పెట్టి పక్క నుంచి లైటు వేసి చూశా. హాస్టల్ దోమ స్టెఫెన్సైనే, పాల్పు మీద కొస దగ్గర రెండు వెడల్పు పట్టీలు, వెనక సన్నది, మధ్యలో తెల్లపొలుసులు, వెనక కాలి చివరి గనుపు తెల్లగా లేదు. వార్డెన్ గారికి చూపించాం, ట్యాంకు మూత పెట్టించారు. క్యులిసిఫేసిస్ అనుకున్నవాటిలో మూడో ఈనె అన్నిటికీ నల్లగానే ఉంది. కాళ్ళు తీసి వేరు ట్యూబుల్లో పెట్టడం మొదలుపెట్టా.

ఇంకో రెండు ప్రశ్నలు. కొట్టాల్లో దొరికినవి ఎక్కువ, ఇళ్ళలో దొరికినవి తక్కువ, డబ్బు కొద్ది దోమలకే సరిపోతుంది కదా, ఏవి పంపాలి? రెండు, పాత పద్ధతిలో క్రోమోజోములు చూసి చెప్పొచ్చంటున్నారు, దానికి మైక్రోస్కోపు చాలంటున్నారు, అది నేను ప్రయత్నించవచ్చా?


పెన్నా_ల్యాబ్ (కడప):

ఏవి పంపాలి అన్నదాంట్లో ఒక జాగ్రత్త. ఇళ్ళలో దొరికినవి అన్నీ పంపు, అవే ముఖ్యం. కొట్టాల్లోవి ప్రతి ఊరి నుంచి కళ్ళు మూసుకుని కొన్ని తియ్యి, బాగున్నవాటినే ఏరితే లెక్క ఒక వైపు ఒరుగుతుంది, కాళ్ళు ఊడినవీ పొలుసులు పోయినవీ కూడా అందులో ఉండాలి. కొట్టాలవి మాత్రమే పంపితే దాదాపు అంతా బి అని వచ్చి, ఆ ఊళ్ళో మోసే దోమే లేదన్న తప్పు అభిప్రాయం కలుగుతుంది. రిపోర్టులో ఇళ్ళవీ కొట్టాలవీ కలిపి ఒకే అంకె ఇవ్వకు, విడివిడిగా చూపించు.

క్రోమోజోములు చూడవచ్చు, 1980లో ఎ, బి లు వేరని తేల్చింది అలాగే. కానీ ఏ దోమకైనా కుదరదు. రక్తం తాగి సగం అరిగి అండాశయాలు సగం పెరిగిన ఆడదోమే కావాలి, పొట్ట ముందు భాగం ఎర్రగా, వెనక భాగం తెల్లగా కనిపించేది. తెల్లవారుజామున పట్టిన దోమ అప్పుడే తాగి ఉంటే ఆ దశకు వచ్చేదాకా బతికించి ఉంచాలి. అండాశయాలు తీసి వెంటనే ఒక వంతు గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్, మూడు వంతులు మిథనాల్ కలిపిన ద్రావణంలో వెయ్యి, చల్లగా దాచు. స్లయిడు మీద నొక్కి చూస్తే లావుపాటి క్రోమోజోముల మీద చారలు కనిపిస్తాయి, ఆ చారల వరుస ఎక్కడెక్కడ తిరగబడిందో దాన్నిబట్టి జాతి. చెయ్యి కుదరడానికి టైము పడుతుంది, పైన చెప్పినట్టు బి, ఇ లను ఇందులో విడగొట్టలేవు. వైవా దగ్గర్లో ఉంది కాబట్టి ఇప్పుడు దీని మీద ఆధారపడొద్దు. అయితే అదే దోమ కాలు విడిగా దాస్తే క్రోమోజోముతోనూ పీసీఆర్‌తోనూ ఒకే దోమను పోల్చవచ్చు, నీ తర్వాత ప్రాజెక్టుకు అది బాగుంటుంది.

గైడ్ సార్ లెటరుతో పుదుచ్చేరిలో ఉన్న వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌కు రాసి చూడండి, దోమల గుర్తింపు అక్కడ రోజువారీ పని, పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీలో ఎమ్మెస్సీ కూడా నడుపుతారు. రాసేటప్పుడు కంటికి ఏ పేరు వచ్చిందో, ఏ ఊరు, ఇల్లా కొట్టమా అన్న పట్టిక జతచెయ్యి.


పాత_ఇన్సెక్ట్_కలెక్టర్ (కర్నూలు):

అమ్మా, వార్డెను చేత ట్యాంకుకు మూత పెట్టించావు చూడు, మంచి పని. ఒకటి అడుగుతా. ఆ మూత చుట్టూ సందు ఉందేమో, ఓవర్‌ఫ్లో పైపు నోటికి జాలీ ఉందేమో పైకెక్కి చూడమను, స్టెఫెన్సై దూరేది ఎక్కువగా అక్కడినుంచే. పక్కన సిమెంటు తొట్టిలో ఇప్పుడున్న లార్వాల్లో కొన్ని మళ్ళీ పెంచు, అందులోంచి వచ్చే దోమలు పొలుసు చెదరకుండా ఉంటాయి, మీ కాలేజీ ల్యాబులో పిన్ను గుచ్చి పెట్టడానికి అంతకంటే మంచి నమూనా దొరకదు.